నిప్పుకుండ దించే చోటు

తూర్పున మాణిక్యశిఖరం మీద తొలికిరణం పడగానే కొండంతా కాచిన రాగిలా ఎర్రబారింది. దాని పాదాల దగ్గర, మూడు దారులు కలిసే మైదానంలో మంచుతెరలు ఒక్కటొక్కటిగా విడిపోతుంటే, వాటి చాటునుంచి బళ్లు, గుడారాలు, నెమరు వేస్తున్న ఎడ్లు, చలికి ముడుచుకుపోయిన మూడువందల కుటుంబాల మనుషులు బయటపడ్డారు.

వాళ్లది కుముదద్వీపం. ఏడు నెలల కిందట ఆ ద్వీపం రాజుతో, కోటతో, కొబ్బరితోటలతో సహా సముద్రంలో మునిగిపోయింది. మిగిలిన ఓడల్లో మిగిలిన జనం దిక్కు తెలియక తిరిగి, చివరికి హేమశైల రాజ్యపు రేవులో దిగారు. వాళ్లకిప్పుడు రాజు లేడు. ఓడనడిపే సరంగు కొడుకు కేతనుడు, ఇరవైనాలుగేళ్లవాడు, తుపానులో ఆఖరి ఓడను ఒంటిచేత్తో నడిపి ఒడ్డు చేర్చాడు కాబట్టి అందరూ అతని మాట వింటున్నారు. విన్నా, వినకపోయినా, కష్టం వస్తే మాత్రం అతని గుడారం ముందుకే వస్తారు.

హేమశైల రాజు ధవళకీర్తి దయ గలవాడే. కానీ మాట ఇచ్చాడంటే దానికి గీత గీసి ఇస్తాడు. తన రాజ్యంలో ఖాళీగా ఉన్న మూడు చోట్లు చూపించి, ఏది కావాలో ఏడు రోజుల్లో తేల్చుకోమన్నాడు. ఏడోరోజు పొద్దు వాలేలోగా వాళ్ల పొయ్యి పొగ మాణిక్యశిఖరం మీది బురుజుకు కనబడాలి. ఎక్కడ పొగ లేస్తే ఆ నేల తరతరాలకూ వాళ్లది. ఒకసారి నిప్పు రాజేశాక మరోచోటు అడగకూడదు. పొగ లేవకపోతే మళ్లీ ఓడలెక్కాలి.

ఆ నిప్పు కుముదద్వీపం నుంచి వచ్చింది. ఊరు మునుగుతున్నప్పుడు బొల్లయ్య అనే కమ్మరి తన కొలిమిలోని నిప్పుకణికలను మట్టికుండలో పోసుకుని, ఆలుబిడ్డల కంటే ముందు దాన్నే ఓడలోకి ఎక్కించాడు. ఆనాటినుంచి దాన్ని ఆరనివ్వలేదు. పొట్టు వేస్తూ, బూడిద కప్పుతూ, గాలివానలో తన ఒంటినే గొడుగు చేస్తూ కాపాడాడు. ఆ కుండ దించిన చోటే ఊరు అని ద్వీపం జనమంతా ఒట్టు పెట్టుకున్నారు.

ఎక్కడ దించాలన్నదే తేలలేదు. మొదటి మూడు రోజులూ తగువులాటతోనే గడిచిపోయాయి. జాలరులు సముద్రపు ఒడ్డున ఉన్న శంఖతీరానికే పోదామన్నారు. ఆ మాట వింటూనే, బిడ్డలను సముద్రానికి పోగొట్టుకున్న తల్లులు చెవులు మూసుకున్నారు. సేద్యగాళ్లు మరకతలోయ అన్నారు. పీఠభూమి మీద గాలిగడ్డ అనే మూడో చోటు ఉందని ఎవరికీ గుర్తు కూడా లేదు. మూడోరోజు సాయంత్రానికి అన్నదమ్ములు వేరువేరు మంటలు వేసుకుని వండుకునే దాకా వచ్చింది.

నాలుగోరోజు తెల్లవారగానే కేతనుడు గుర్రానికి జీను కట్టాడు. కళ్లతో చూడని నేల గురించి కొట్టుకుచావడం చాలునని, మూడు చోట్లూ తానే తిరిగి చూసివస్తానని చెప్పాడు. తోడుగా గంగసానిని పిలిచాడు. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. కుముదద్వీపంలో సగం బావులు ఆమె తవ్వించినవే. నేలమీద చెవి ఆనించి నీటిజాడ చెప్పగలదు. మనిషి పొట్టి, మాట కటువు.

దారి చూపడానికి రాజు పంపిన భూమాపకుడు సుచంద్రుడు అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. తెల్లని ముఖం, నెమ్మదైన గొంతు, భుజాన పట్టుగుడ్డ మీద గీసిన దేశపటం. మూడు చోట్లూ తన అరచేతిలో గీతల్లా తెలుసునన్నాడు.

మధ్యాహ్నానికి శంఖతీరం చేరారు. చూడగానే కేతనుడి గుండె లాగింది. ముత్యపు చిప్పలు అతికించిన మేడలు, నీలపు నీళ్లలో హంసల్లా తేలే పడవలు, వీధివీధినా ఎండుచేపల వాసన, వలలల్లుతూ పాడే ఆడవాళ్లు. ఊరి పెద్దలు వాళ్లను అరుగుల మీద కూర్చోబెట్టి కొబ్బరినీళ్లిచ్చారు. ఉత్తరపు ఇసుకదిబ్బలు ఖాళీగా ఉన్నాయనీ, వచ్చి ఇళ్లు కట్టుకోమనీ సంతోషంగా చెప్పారు. గంగసాని మాత్రం ఇసుకలో చెయ్యిపెట్టి నాలుక్కి రాసుకుని, మూడువందల కుటుంబాలకు సరిపడే మంచినీళ్లు అక్కడ లేవని గొణిగింది. అయినా ఆలోచించవచ్చని కేతనుడు అనుకుంటుండగా, సుచంద్రుడు కాళ్లు కడుక్కుంటానంటూ నీటి అంచుకు వెళ్లాడు.

మరుక్షణమే సముద్రం రెండుగా చీలింది. తాటిచెట్టంత మెడ, నాగటి కర్రుల్లాంటి కోరలు, ఒళ్లంతా పాచిపట్టిన పొలుసులున్న మకరం ఒకటి నురగ కక్కుతూ రేవు మీద పడింది. తోక ఒక్కసారి విదిలిస్తే పది పడవలు పుల్లల్లా విరిగాయి. జనం కేకలు పెడుతూ మేడల మీదికి పరుగెత్తారు. కేతనుడు పక్కనున్న పడవలోంచి లంగరు లాగి, దాని తాడు నడుముకు చుట్టుకుని, విరిగిన తెరచాపకొయ్య మీదినుంచి ఆ మృగం మెడమీదికి దూకాడు. అది అతనితో సహా నీటిలో మునిగి, లేచి, మళ్లీ మునిగింది. మూడోసారి లేచినప్పుడు అతను లంగరు కొక్కేన్ని దాని కంట్లోకి దించాడు. మకరం ఆకాశం పగిలేలా అరిచి, పొగలా విడిపోయి మాయమైంది. రక్తపు చుక్క కూడా నీటిమీద మిగలలేదు.

అతను ఒడ్డు చేరేసరికి ఆ ఊరి మర్యాద మాయమైపోయింది. తమ తాతల కాలంలో కూడా ఇలాంటి మృగం రాలేదనీ, మునిగిన దేశపు మనుషులు అడుగుపెట్టిన పూటే వచ్చిందనీ, వాళ్ల వెంట చావు నడుస్తోందనీ ఊరంతా ఒక్కటైంది. ఇంతకుముందు కొబ్బరికాయలు కొట్టిన కత్తులతోనే తరిమారు. ముగ్గురూ గుర్రాలమీద ఊరి పొలిమేర దాటి, ఉప్పుమళ్ల గట్లమీదుగా చీకటి పడేదాకా ఆగకుండా పరుగెత్తారు.

అయిదోరోజు గాలిగడ్డ. అక్కడికి పోయే కనుమదారి మేకలకు కూడా ఇరుకే. పైన ఎటు చూసినా బండలు, బండల మధ్య గజం ఎత్తు మించని ముళ్లచెట్లు. గాలి తెరిపి లేకుండా వీస్తోంది. గొర్రెలు ఒకదాని ఒంట్లో ఒకటి ముఖం దాచుకుని మేస్తున్నాయి. కప్పులు ఎగిరిపోకుండా తాళ్లతో బండలకు కట్టిన పాతిక రాతి ఇళ్లు దూరంగా కనిపించాయి.

వాళ్లు దగ్గరికి రాకముందే వడిసెల రాయి ఒకటి కేతనుడి చెవి పక్కనుంచి రివ్వున పోయింది. ఇళ్ల ముందు బండమీద తెల్లజుట్టు ముసలామె ఒకతె నిలబడి ఉంది. ఆ ఊరికి పెద్ద రేచవ్వ. ఆమె వెనక ముసలివాళ్లు, మగవాళ్లు, ఆడవాళ్లు అందరి చేతుల్లోనూ వడిసెలలే. కేతనుడు చేతులెత్తి చూపించినా రాళ్లు ఆగలేదు. రెండో రాయి సుచంద్రుడి నుదుటికి సూటిగా తగిలింది. అతను తూలి, గుర్రం తిప్పి, ఈ బండలమీద మనుషులుండరు మృగాలుంటాయని తిడుతూ కనుమలోకి దిగిపోయాడు. కేతనుడికీ తిప్పక తప్పలేదు.

దిగుతున్నంతసేపూ గంగసాని సుచంద్రుడి నుదుటివైపే చూసింది. చర్మం రెండంగుళాలు చిట్లింది. లోపల ఎండిన మట్టిబెడ్డ పగిలినట్టుంది గాని నెత్తురు చెమ్మ లేదు. ఆమె నడుముకున్న ఇనుపమొన ములుగర్ర ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుంది.

ఆరోరోజు పొద్దున వాళ్లు మరకతలోయలోకి దిగారు.

ఆ లోయను చూస్తే స్వర్గం అలిసిపోయి అక్కడ ఒత్తిగిల్లిందేమో అనిపిస్తుంది. మూడువైపులా గాలిగడ్డ కొండచరియలు గోడల్లా నిలబడి వడగాలినీ చలిగాలినీ అడ్డుకుంటున్నాయి. నడుమ పచ్చని పైరు, నిలువెత్తు కంకులు, గట్లమీద పండ్లబరువుకు వంగిన దానిమ్మలు. అంతకంటే వింత, అక్కడ ఊరు కట్టి ఉంది. సున్నం కొట్టిన ఇళ్లు, ఇంటింటికీ పందిరి, పందిరికి మల్లె, ముంగిట బావి. మనుషులే లేరు. కొత్తగా వచ్చేవారి కోసం మహారాజు ముందే కట్టించి ఉంచారని సుచంద్రుడు నవ్వుతూ చెప్పాడు.

ఆరు రోజులుగా కేతనుడి ఒంట్లో నిప్పురవ్వల్లా తిరుగుతున్న ఆరాటం ఒక్కసారి చల్లారింది. పల్లె అంతా ఇక్కడ సరిపోతుంది. ముసలివాళ్లు నీడపట్టున కూర్చుంటారు. ఈ రాత్రికే కబురు పంపిద్దామని నోరు తెరవబోయాడు. గంగసాని అతని చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి లాక్కుపోయింది.

బావి ఒరమీద తాడు ఒరిపిడికి పడిన గాళ్లు వేలు పట్టేంత లోతున ఉన్నాయి. కొత్త బావికి అలా పడాలంటే ముప్పై ఏళ్లు చేదాలని ఆమె చెప్పింది. గడపలు కూడా నడిచి నడిచి అరిగిపోయి ఉన్నాయి. తర్వాత ఆమె ఊరి నాలుగు వైపులా చుట్టివచ్చి, సుచంద్రుడి ఎదురుగా నిలబడింది.

"అయ్యా, ఇక్కడ మూడువందల ఇళ్లున్నాయి. తరాలు బతికిన ఇళ్లు. నాలుగు పొలిమేరలూ తిరిగాను, ఒక్క సమాధి లేదు, ఒక్క కాటి గుర్తు లేదు. ఈ ఊళ్లో చచ్చినవాళ్లను ఎక్కడ పెట్టారు?"

గాలి వీచింది. పైరు కదిలింది. ఆ గలగలలో కేతనుడికి మాటలు వినిపించాయి. తెలియని భాషలు, పది రకాలు, ఇరవై రకాలు. అన్నిటి మధ్యా ఒకే ఒక్క గొంతు అతనికి తెలిసిన భాషలో, ద్వీపం మునగకముందే, తొమ్మిది నెలల కిందట దారితప్పిన కుముదద్వీపం ఓడ ఒకదాని పేరు చెప్పి, నీళ్లు, నీళ్లు అంది.

కేతనుడు కత్తి దూసేలోగా సుచంద్రుడు భుజంమీది పట్టుగుడ్డ విసిరాడు. అది వలలా విచ్చుకుని ఇద్దరినీ చుట్టేసింది. భూమాపకుడి తెల్లని ముఖం ఎండుమన్ను పెళ్లల్లా రాలి, దానికింద వేరుముద్దలాంటి నల్లని ముఖం బయటపడింది. అతను కాలజంఘుడనే మాంత్రికుడు. అసలు భూమాపకుడు రాజు దగ్గర సెలవు తీసుకుని బయల్దేరిన రోజే ఈ పైరులో కంకి అయిపోయాడు. ఈ లోయలో కన్నుమూసి నిద్రపోయిన ప్రతి మనిషీ తెల్లారేసరికి మొలకెత్తుతాడు. ఒక్కో కంకి నమిలితే కాలజంఘుడికి ఒక్కో ఏడాది ఆయుష్షు. ఈ ఊరివాళ్లే అతని మొదటి పంట, వాళ్ల కాటిని కూడా దున్ని పైరు చేశాడు; ఆ తర్వాత ఇన్నేళ్లూ బాటసారులతో సరిపెట్టుకున్నాడు. ఇప్పుడు మూడువందల కుటుంబాలు నడిచి వస్తున్నాయి. సొంత చేత్తో ఇక్కడ నిప్పు రాజేశారా, ఇక వాళ్లలో ఏ ఒక్కరూ లోయ పొలిమేర గీత దాటలేరు. శంఖతీరం మకరాన్ని లేపింది కూడా తానేనని చెప్పి, పెనుగులాడుతున్న కేతనుడి తలపాగా ఊడదీసి తన తలకు చుట్టుకున్నాడు.

చూస్తుండగానే వేరుముద్ద ముఖం కరిగి, కేతనుడి ముక్కు, కేతనుడి కళ్లు, తుపానులో పడిన కనుబొమ్మ మీది గాటు సహా తయారయ్యాయి. ఆ ముఖం కేతనుడితో కేతనుడి గొంతుతోనే మాట్లాడింది.

"నువ్వు కష్టపడి మూడు చోట్లూ తిరిగావు. ఏది మంచిదో నీ నోటితోనే చెప్తాను, నిశ్చింతగా ఉండు" అని, ఇద్దరినీ బావిలోకి తోసి, పట్టుగుడ్డ వెనక్కి లాక్కుని, పైన బండ మూశాడు. గుర్రం డెక్కల చప్పుడు దూరమైపోయింది.

నడుములోతు నీళ్లు. పైన సన్నటి వెలుతురు గీత. ఆ నీళ్లలోంచే ఏదో తియ్యటి మత్తు లేచి కనురెప్పలను లాగుతోంది. నిద్రపోతే అంతేనని గంగసాని కేతనుడి చెంప ఛెళ్లుమనిపించి, తన చెంప కూడా వాయించుకుంది. తర్వాత నీళ్లలో కూర్చుని మెడదాకా మునిగి, కళ్లు మూయకుండా, కాళ్లతో, నడుముతో, వీపుతో నీటిని తడిమింది. ఒకచోట ఆగింది. ఈ బావిలో ఊట అడుగునుంచి లేవడం లేదనీ, చల్లటి ధార పక్కగోడ లోంచి వస్తోందనీ, చల్లటి నీరంటే పైనుంచి దిగే నీరనీ చెప్పింది. నడుము ములుగర్ర తీసి ఒరరాయి సందున పెట్టి తిప్పింది. కేతనుడు భుజం ఆనించి నెట్టాడు. నాలుగు రాళ్లు ఊడేసరికి మనిషి దూరేంత కంత తెరుచుకుంది.

ఆ కంతలో వాళ్లు ఎంతసేపు పాకారో లెక్కలేదు. ఎదురుగా ధార ముఖంమీద కొడుతోంది. ఒకచోట సొరంగం మొత్తం నీటితో నిండిపోయి, ఊపిరి బిగబట్టి యాభై బారలు ఈదవలసి వచ్చింది. ఒకచోట గుడ్డిపీతలు గుంపులుగా కాళ్లను కొరికాయి. తర్వాత సొరంగం ఒక్కసారిగా విశాలమైంది. చీకట్లో వాళ్ల పక్కనే ఏరు ఒకటి గర్జిస్తూ పారుతోంది. గంగసాని బండకు వీపు ఆనించి ఆ చప్పుడు వింటూ నిలబడిపోయింది. ఆమె జన్మలో అంత నీరు భూమికింద వినలేదు. పదమని కేతనుడు రెండుసార్లు గుంజితే గాని కదల్లేదు.

చివరికి తలమీద గుండ్రని ఆకాశపు ముక్క కనిపించింది. అది ఒక ఎండిపోతున్న దిగుడుబావి. ఇద్దరూ ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి, గోళ్లు ఊడేలా మెట్లు పట్టుకుని పైకి పాకారు. గాలి ముఖాన కొట్టింది. ఎదురుగా వడిసెల తిప్పుతూ రేచవ్వ నిలబడి ఉంది.

ఈసారి రాయి వదల్లేదు. వాళ్ల వెనక ఇంకెవరైనా వస్తున్నారేమో అని బావిలోకి తొంగిచూసింది. రాలేదని నమ్మకం కుదిరాక తన భుజంమీది గొంగళి తీసి గంగసానికి కప్పింది.

అప్పుడు తెలిసింది. మొన్న ఆమె రాయి విసిరింది వీళ్లమీద కాదు. ఆ తెల్లముఖం వాడిమీద. వేరువేరు ముఖాలతో వాడు బాటసారులను లోయలోకి దించడం గాలిగడ్డ జనం ముప్పై ఏళ్లుగా చూస్తున్నారు. అప్పటినుంచీ వాడి పక్కన నడిచే ఎవరినీ దగ్గరికి రానివ్వరు. పొద్దు నడినెత్తి దాటిందనీ, ఇది ఏడోరోజనీ, ఉదయమే బళ్ల బారు ఒకటి లోయదారి పట్టడం పైనుంచి చూశామనీ ఆమె చెప్పింది. కేతనుడు వాడు తన ముఖం దొంగిలించిన సంగతి చెప్పి, ఒక్క మాట అడిగాడు. తన మూడువందల కుటుంబాలను తీసుకొస్తే ఈ గడ్డమీద చోటిస్తారా అని.

రేచవ్వ వెంటనే ఔననలేదు. "మా గొర్రెలకే నీళ్లు చాలవు బిడ్డా. మూడువందల కొంపలంటే, మీకిచ్చి మేం చావాల. జాలిపడి ఇచ్చే సంగతి కాదిది."

"జాలి అడగట్లేదు తల్లీ" అంది గంగసాని. "నీ కాళ్లకింద ఏరుంది. రాత్రంతా దాని పక్కనే నడిచొచ్చాను. నాకు పదిమందినీ, పారలనూ ఇయ్యి. పొద్దుగుంకేలోగా నీళ్లు చూపించకపోతే నన్నా గోతిలోనే పూడ్చు."

రేచవ్వ తన వాళ్లవైపు తిరిగి పారలు తెమ్మంది. కేతనుడికి గొర్రెలకాపరి గొంగళి, తోలుటోపీ, ఒక కొండగుర్రాన్ని ఇప్పించింది. అదే ముఖంతో పోతే నీవాళ్లే నిన్ను మాయగాడంటారు, ముఖం కప్పుకుని పొమ్మని హెచ్చరించింది.

గంగసాని మొదటి పార నేలలో దించేవేళకు అతను కనుమ సగం దిగిపోయాడు.

అతను లోయ ముఖద్వారం చేరేసరికి పొద్దు రెండు బారల ఎత్తున ఉంది. బళ్లన్నీ అప్పటికే లోపలికి వచ్చేశాయి. ఏడు నెలలుగా నవ్వు మరిచిన జనం ఇళ్ల మధ్య పిచ్చిగా తిరుగుతూ ఇది మాది, అది మీది అని గడపలకు పసుపు రాసుకుంటున్నారు. ముసలివాళ్లు, బాలింతలు, జ్వరగ్రస్తులు బళ్లలోనే మల్లెపందిళ్ల నీడన ఒరిగారు. నడివీధిలో మూడు రాళ్లు పేర్చి, చితుకులు పెట్టి, జనం గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో కేతనుడి ముఖంతో కాలజంఘుడు. వాడి పక్కనే రెండు చేతులతో నిప్పుకుండ పట్టుకుని బొల్లయ్య.

గొంగళి కప్పుకున్న గొర్రెలకాపరి గుంపు అంచున గుర్రం దిగలేదు. నేను కేతనుణ్ణి అని అరిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. ముఖానికి ముఖం, గొంతుకు గొంతు, గంటసేపు వాదన. ఆ గంట ఇప్పుడు లేదు. పరమానందంగా నవ్వుతున్న ఆ జనాన్ని ఏ మాట చెప్పి ఈ ఇళ్లలోంచి బయటికి లాగగలడు? బొల్లయ్య మోకాళ్లమీద వంగి కుండ మూత తీశాడు. కణికలు ఎర్రగా కన్ను తెరిచాయి.

కేతనుడు గుర్రం డొక్కలో మడమలు దించాడు.

గుంపు చీలిపోయింది. కొండగుర్రం మూడు రాళ్లమీదుగా దూకింది. కేతనుడు ఒక పక్కకు వేలాడి, బొల్లయ్య చేతుల్లోంచి కుండ లాక్కుని, కడుపుకు హత్తుకుని, లోయ ముఖద్వారంవైపు దూసుకుపోయాడు. ఒక్క క్షణం ఎవరికీ ఏం జరిగిందో అర్థం కాలేదు. తర్వాత బొల్లయ్య గొంతులోంచి వచ్చిన అరుపుకు లోయగోడలు మారుమోగాయి. ఇళ్లు వదిలి, గడపలు వదిలి, పసుపు చేతులతోనే జనం దొంగ వెంట పడ్డారు. ఆగమని, వేరే నిప్పు తెప్పిస్తానని కేతనుడి గొంతుతో కాలజంఘుడు వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. కుముదద్వీపం నిప్పు వేరే ఎక్కడుంది?

కుండ కాలుతోంది. గొంగళి పొగలు కక్కి, కింద చర్మం బొబ్బలెక్కింది. కేతనుడు పళ్లు బిగించి కనుమ ఎక్కించాడు. వెనకనుంచి రాళ్లు, ఈటెలు, తిట్లు. తనకు చిన్నప్పుడు ఈత నేర్పినవాడి గొంతు, తన పెళ్లి గురించి మాట్లాడిన పెద్దమ్మ గొంతు, అన్నీ శపిస్తున్నాయి. ఒక బాణం గుర్రం తొడలో దిగింది. అది కూలబడింది. అతను దొర్లి, కుండను మాత్రం ఆకాశానికి ఎత్తి పట్టుకుని, లేచి పరుగెత్తాడు. మలుపు తిరిగితే కనుమ తల. ఆ మలుపు దగ్గరే బొల్లయ్య అందుకున్నాడు. యాభై ఏళ్ల కమ్మరి, గొడ్డలి ఎత్తి పట్టుకుని, ఏడుస్తూ.

కేతనుడు తోలుటోపీ తీసేశాడు.

బొల్లయ్య గొడ్డలి గాల్లోనే ఆగిపోయింది. అతను కిందికి చూశాడు. లోయ గీత దగ్గర నిలబడి ఒక కేతనుడు చేతులూపుతున్నాడు. పైకి చూశాడు. ఒక కేతనుడు చేతులు కాలి నిలబడ్డాడు.

"ఎవడివిరా నువ్వు?"

"నేనెవరైతే నీకెందుకు మామా. కుండ నీది, ఇదిగో తీసుకో. కిందికి తీసుకుపోతావో, పది అడుగులు పైకి వేస్తావో నువ్వే చెప్పు. ఆ కిందున్నవాణ్ణి మాత్రం ఒక్కసారి గీత దాటి రమ్మను. నిప్పు పోతుంటే కేతనుడు ఒక్కచోట నిలబడతాడా?"

బొల్లయ్య కుండ అందుకున్నాడు. కిందవాడిని రమ్మని కేకేశాడు. వాడు రాలేదు. మళ్లీ కేకేశాడు. గీత అంచున అటూ ఇటూ తిరిగాడు గాని, మొన్న తన నుదురు చిట్లగొట్టిన వడిసెలలు పైన కనబడుతుంటే కాలు ముందుకు వేయలేదు. వెనక వస్తున్న జనం ఒక్కొక్కరే ఆగి అది చూశారు. బొల్లయ్య గొడ్డలి చంకన పెట్టుకుని, కేతనుడి పక్కనుంచి నడిచి, గాలిగడ్డ మొదటి బండమీద కుండ దించాడు. రేచవ్వ ముళ్లకంపల మోపు తెచ్చి అతని ముందు పడేసింది. అతను ఊదాడు. పొగ లేచింది. గాలికి వంగి, విరిగి, మళ్లీ లేచి నిలబడింది. పొద్దు అంచు కొండను తాకుతుండగా మాణిక్యశిఖరం బురుజుమీద కొమ్ము ఊదారు. అదే సమయంలో దూరంగా బండల మధ్య గంగసాని గొయ్యి దగ్గర పారల చప్పుడు ఆగి, బురదనీళ్లలో నిలబడ్డవాళ్ల కేరింతలు వినిపించాయి.

జనం పెదవులమీద నవ్వు ఇంకా పుట్టలేదు. కేతనుడు చుట్టూ చూస్తున్నాడు. వయసులో ఉన్నవాళ్లు, పిల్లల్ని చంకనెత్తుకోగలిగినవాళ్లు, కాళ్లున్నవాళ్లు. ఇంతే.

"బళ్లలో ఎవరున్నారు?" అని అడిగాడు.

అందరూ ఒక్కసారి చరియ అంచుకు పరుగెత్తారు. కింద లోయలో నీడ పరుచుకుంది. పరుగెత్తలేనివాళ్లంతా అక్కడే ఉన్నారు. నలభై బళ్లు. తల్లులు, తాతలు, నిన్న కానుపైన ఆడపిల్లలు. మల్లెల మత్తు పొగమంచులా బళ్ల చుట్టూ కమ్ముకుంటోంది. కేతనుడి ముఖంతో ఉన్న మనిషి తొందరేమీ లేకుండా ఒక్కో బండి దగ్గరా ఆగి, లోపలికి వంగి, దుప్పటి మెడదాకా లాగి కప్పి, తల నిమిరి, పక్క బండికి పోతున్నాడు.

కేతనుడు అప్పటికే కనుమలోకి దూకాడు. కాలిన చేతులు పట్టు చిక్కక రాళ్లమీద జారుతున్నాయి. అతని వెనకే గొడ్డలితో బొల్లయ్య, అతని వెనక మరో పదిమంది. మధ్యలో తలెత్తి, నిద్రపోనివ్వొద్దు, పిలవండి, ఎవరి వాళ్లను వాళ్లు పేరుపెట్టి పిలవండి అని కేకేశాడు.

చరియ అంచున ముందు ఒక్క గొంతు లేచింది. తర్వాత వంద. తల్లి పేరు, తాత పేరు, చెల్లెలి పేరు, ఇంకా పేరు పెట్టని బిడ్డకు అప్పటికప్పుడు తోచిన పేరు. గాలిగడ్డ గాలి ఆ పేర్లన్నిటినీ మోసుకుపోయి లోయలో కుమ్మరించింది. కాలజంఘుడు పన్నెండో బండి దగ్గర ఆగి తలెత్తి చూశాడు. పదకొండో బండిలో వాడు కప్పిన దుప్పటి కదిలింది; ఒక ముసలిచెయ్యి దాన్ని మెడమీదినుంచి తోసేసింది.